మంగళవారం వేషం

మంగళవారం సాయంత్రం ఆరింటికి
డండీ గ్రంథాలయం నేలమాళిగలో
నేను చావుబతుకుల్లో ఉంటాను.
కుర్చీలు గోడకి జరిపి పాత జిమ్ చాప పరుస్తారు.
ఇనెస్ నా పెదాలకి నీలం రాస్తుంది.
రంగుల డబ్బాలో నీలం అడుగంటింది,
ఎరుపు మూత ఇంకా తియ్యనే లేదు.

"గురక రావాలి, నిద్రలో గురకలా కాదు,
సింకులో ఆఖరి నీళ్ళు దిగుతున్నట్టు.
నిమిషానికి మూడు ఊపిరులు. మించితే మోసం."
నేను బేకరీలో రాత్రి డ్యూటీ మనిషిని, నటన రాదు.
నాకు చేతనైందల్లా కదలకుండా పడుండటం.

ఎందుకు ఒప్పుకున్నావని ఎవరూ అడగలేదు.
అడిగితే చెప్పడానికి పెద్ద కథేం లేదు:
బేకరీ వెనక సందులో ఒకసారి ఒకామె పడుంది.
తాగి పడిందనుకుని పక్కనుంచి నడిచి వెళ్ళాను,
చేతిలో వేడి వేడి రొట్టెల ట్రే ఉంది.

కళ్ళు మూసుకుంటే అడుగులే మనుషులు.
తడి రబ్బరు బూట్లు, ఉప్పు వాసన: చేపలమ్మే మర్డో.
కిర్రుమనే మోకాళ్ళు: నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన విల్మా.
ఇద్దరు బడిపిల్లలు, వాళ్ళలో ఒకడు
నవ్వాపుకోలేక నాకంటే ముందే పోయేలా ఉన్నాడు.
అందరిదీ మొదట ఒకటే మాట:
"ఏమండీ, బాగున్నారా?"
బాగున్నానని చెప్పే పాడలవాటు
నాలుక చివరిదాకా వచ్చి ఆగుతుంది.

మెటికలతో రొమ్ముటెముక మీద రుద్దమంటే
క్షమాపణ అడుగుతున్నట్టు రుద్దుతారు.
"నొప్పి పుట్టాలి," అంటుంది ఇనెస్, "మర్యాద తర్వాత."
ఫోను చేసినట్టు నటిస్తారు, వీధి పేరు మర్చిపోతారు.
ముక్కులో చల్లటి ప్లాస్టిక్ మొన,
ఖాళీ స్ప్రే, మందు లేదు,
టిక్కుమనే చప్పుడొక్కటే.

పోయిన వారం బస్సు నడిపే టోర్మడ్ వంతు.
వంగి, అందరూ విన్న ప్రశ్న అడిగి,
ఎవరూ వినకుండా నా చెవి దగ్గర అన్నాడు:
"పై అంతస్తులో ఒక కుర్రాడు. నిద్రపోతున్నాడనుకున్నాను.
పాపం, బయట వాన, ఇంకో రౌండు పడుకోనిద్దామనుకున్నాను."
టిక్.
"లే నాయనా," అన్నాడు.
యాభై మూడేళ్ళ ఆడదాన్ని నేను.
లేచి కూర్చున్నాను.

"మోర్నా!" ఇనెస్ గొంతులో కోపం.
"నలభై సెకన్లే అయింది. మందుకీ టైం పడుతుంది.
ఇంత తేలిగ్గా లేస్తారని నేర్పామో,
రేపు లేవనివాళ్ళ దగ్గర ఈయన చేతులు ఆగిపోతాయి."

మళ్ళీ నీలం. మళ్ళీ చాప.
నా పక్కన రబ్బరు బొమ్మ, ఊపిరి దానికి పోయాలి,
ఐదు సెకన్లకొకటి, దాని ఛాతీ లేవడం వినబడాలి.
నేను పొయ్యిలోకి వెళ్ళే బన్నులు లెక్కపెట్టుకున్నాను
డజను, డజను, డజను.
రెండు నిమిషాలు దాటాయి. నేను లేవలేదు.
ఆయన ఊపిరిలో వణుకు బొమ్మలోకి పోతోంది.
రెండో స్ప్రే.
ఎవరో కుర్చీలో కదిలారు, గడియారం కదల్లేదు.

లేచాక తిట్టాలి, స్క్రిప్టులో అలాగే ఉంది.
వాంతి నటించి, ఆయన చెయ్యి విసిరికొట్టి,
ఎవడు లేపమన్నాడురా నిన్ను అని అరిచాను.
బడిపిల్లాడు ఈసారి నవ్వలేదు.
"తిట్టు తల్లీ," అన్నాడు టోర్మడ్, "ఇంకా తిట్టు,
అంబులెన్సు వచ్చేదాకా నేనిక్కడే ఉంటా."
ఆ మాట స్క్రిప్టులో లేదు.

గురువారం తెల్లారి, రాత్రంతా పిండి పిసికి,
ఇంటికెళ్ళే బస్సులో పై అంతస్తెక్కి
నిజంగానే నిద్రపోయాను, నా స్టాపు దాటిపోయింది.
ఇంజను ఆగిన నిశ్శబ్దం.
మెట్ల మీద అడుగులు,
ఒక్కో సీటు దగ్గరా ఆగుతూ.
"ఏమండీ, బాగున్నారా?"

ఈసారి జవాబు చెప్పొచ్చని గుర్తురావడానికి
కాస్త ఆలస్యమైంది.
కళ్ళు తెరిచేసరికి
ఆయన చెయ్యి అప్పటికే కోటు జేబులో ఉంది.